పెనం దగ్గర కాలితే

ఫోను మోగే సమయానికి గంగాభవాని పొయ్యి నోటి ముందు గొంతుక్కూచుని పిప్పి తోస్తోంది. ఎండిన చెరకు పిప్పి ఒక్కసారిగా కుక్కితే పొగ చిమ్ముతుంది. ఆగి ఆగి వేస్తే మంట పడిపోతుంది. కుడిచేత్తో పరుస్తూ, ఎడమచేతి కర్రతో లోపలికి నెడుతూ, పైన బెల్లం పెనంలో రసం ఎలా ఉడుకుతోందో చప్పుడు బట్టి కనిపెట్టుకుంటూ సాగాల్సిన పని అది. మూడు నెలల కిందటి వరకు ఆ పెనం మీద గరిట ఆమె భర్త త్రినాధరావుది. ఇప్పుడు ఎర్రయ్యది. త్రినాధరావు పెనానికి నాలుగడుగుల దూరంలో నీలం ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎడమకాలు ఎదురుగా మడిచిపెట్టిన గోనె మీద చాపుకున్నాడు. ఆ పాదానికి పాత లుంగీ గుడ్డ చుట్టి ఉంది.

రవికలోంచి ఫోను తీసి చూసింది. రాజశ్రీ మేడం.

రాజశ్రీ డాక్టరు కాదు, నర్సూ కాదు. గుండె లయ తప్పినవాళ్ళకి తొడ దగ్గర నరంలోంచి సన్నటి తీగ పంపి, లోపల గాడి తప్పించే చోటును కాల్చి సరిచేస్తారు. విశాఖపట్నంలో త్రినాధరావుకి ఆ వైద్యం చేసిన ఆసుపత్రిలోనే, అలా చేయించుకున్నవాళ్ళ రక్తంలో వాపు ఎంత ఉందో, ఎవరికి లయ మళ్ళీ తప్పుతుందో కనిపెట్టి రాసే పరిశోధన ఒకటి నడుస్తోంది. రాజశ్రీ ఆ పరిశోధన తాలూకు అమ్మాయి. వారానికోసారి ఫోను చేస్తుంది.

"అమ్మా, నిన్న అనకాపల్లిలో తీసిన శాంపిల్ రిపోర్టు వచ్చిందండీ. సీఆర్పీ, అదే వాపు లెక్క, అరవై రెండు ఉంది."

గంగాభవాని లేచి నిలబడింది. తీగ వేసిన మూడో రోజు ముప్పై ఒకటి. వారానికి తొమ్మిది. నెలకి మూడు. అయిదు లోపల ఉండాలి. ఆ అంకెలు ఆమెకి కంఠతా వచ్చు.

"ఆరు పాయింటు రెండేటమ్మా?"

"కాదండీ. సిక్స్‌టీ టూ. డాక్టరు గారు వరసగా కొన్ని అడగమన్నారు. జ్వరం ఏమైనా ఉందా?"

"నేదు."

"దగ్గు, జలుబు?"

"నేదమ్మా."

"మూత్రానికి వెళ్ళేటప్పుడు మంట? పన్ను నొప్పి?"

"నేదు."

"ఒంటి మీద దెబ్బలు, పుళ్ళు లాంటివి?"

గంగాభవాని కళ్ళు కుర్చీ వైపు పోయాయి. పాదం మీది గుడ్డ మీద ఈగ వాలింది. త్రినాధరావు బొటనవేలు ఆడించి దాన్ని తోలాడు.

"నేవమ్మా," అంది.

అబద్ధం చెబుతున్నానని ఆమెకి అనిపించలేదు. గానుగ షెడ్డులో పెనం దగ్గర కాలడాన్ని దెబ్బ అని ఎవరూ అనరు. ఎర్రయ్య ముంజేతుల నిండా తెల్లటి మచ్చలే. ఆమె మోకాలి కింద అరచెయ్యంత నల్లటి మరక ఉంది. పెనం ముద్దెట్టుకుందని నవ్వుతారు. రసం విరగడానికి వేసే సున్నం ఎలాగూ అక్కడే ఉంటుంది. ఆ సున్నపు తేటలో కొబ్బరినూనె గిలక్కొట్టి, కోడి ఈకతో రాసి, గుడ్డ చుట్టి, తర్వాతి పెనానికి లేస్తారు. కాలిందని డాక్టరు దగ్గరికి పోయిన మనిషిని ఆమె తన కాపురంలో చూడలేదు. బెల్లం వండేవాడికైతే అది మరీ నామోషీ. చేతి నేర్పు పోయిందంటారు. మరుసటి ఏడు ఎవరూ పిలవరు.

"ఏదీ లేదంటే మరి గుండె దగ్గరే వాపు ఉందేమో చూడాలండీ," అంది రాజశ్రీ. గొంతు తగ్గించి అంది. "మూడు నెలలకి ఇంత ఉండకూడదు. మన లిస్టులో ఇంత వచ్చిన ఇద్దరికి మళ్ళీ లయ తప్పింది. భయపడకండి. వచ్చే శనివారం ఎలాగూ రావాలి కదా, అప్పుడు ఈసీజీ తీసి, రక్తం మళ్ళీ చూస్తాం. ఈలోగా నాడి చూడ్డం మానకండి."

ఫోను పెట్టేశాక కూడా గంగాభవాని దాన్ని చెవి దగ్గరే ఉంచుకుంది.

"మంట పడిపోతంది, గంగా," అన్నాడు నానాజీ. గానుగ అతనిది. త్రినాధరావుని బావా అంటాడు, కాబట్టి గంగాభవానికి అన్న వరస. "ఏటంట వైజాగోలు?"

"ఏటీ నేదన్నియ్యా. శనివారం రమ్మన్నారు."

"శనివారవా? చివరి చెరకు అదేళకి దిగుద్ది. ఆదివారానికైనా మనిషుండాల. బావ కుర్చీలో కూకుని ఒక్క మాట సెప్తే సాలు, ఎర్రయ్య సేసేత్తాడు. మొన్న మూడు పెనాలు గట్టిపడకుండా జావ సేసేడు గదా ఈడు."

"నేను జావ సేసేనా? నీ చెరకు జావ," అన్నాడు ఎర్రయ్య తెట్టు తీస్తూ. "పూత మోసి తీపి పోయిన చెరకు తెచ్చి నామీద పడతావేటి."

త్రినాధరావు నవ్వలేదు. పెనంలో నురుగు వైపు చూస్తూ, "ఆవదం చుక్క వెయ్యి ఎర్రయ్యా, పొంగుతాది," అన్నాడు. తర్వాత భార్య వైపు తిరిగి, చాలా మెల్లగా, "ఎంతొచ్చింది?" అన్నాడు.

ఆమె పిప్పి మోపు మీదికి వంగి, ఇంకో పిడికెడు పొయ్యిలోకి తోసింది.

*

సాయంత్రం ఆరింటికి గంగాభవాని ఫోనులో అలారం మోగుతుంది. రాజశ్రీయే పెట్టి ఇచ్చింది. అది మోగగానే చేతిలో ఏ పని ఉన్నా వదిలేసి, భర్త మణికట్టు పట్టుకుని, గోడ గడియారం కేసి చూస్తూ నిమిషం లెక్కపెట్టాలి. మొదట్లో ఆమె వేళ్ళకి ఏమీ తెలిసేది కాదు. తర్వాత్తర్వాత గాజులు సర్దుకుని రెండు వేళ్ళు ఆనించగానే దొరకడం మొదలైంది.

త్రినాధరావు అరుగు మీద గోడకి ఆనుకుని చెయ్యి అందించాడు. బెల్లం వండే చేతికి చూపుడువేలి కొస నున్నగా అరిగిపోయి ఉంటుంది. నీళ్ళలో ముంచి, పాకంలో ముంచి, మళ్ళీ నీళ్ళలో ముంచి, ఉండకట్టి, ముప్పై ఏళ్ళు.

డెబ్బై రెండు. ఒకదాని వెనక ఒకటి, సమానమైన ఎడంతో. తీగ వెయ్యకముందు ఒకసారి ఇలాగే పట్టుకుంటే నాలుగు పరిగెత్తి, ఒకటి ఆగి, మళ్ళీ రెండు పరిగెత్తి, వేళ్ళకింద గంపలో కోడిపిల్లలు తన్నుకుంటున్నట్టు అనిపించింది.

"బాగున్నాది మావా," అంది. "గడియారం కొట్టుకున్నట్టే ఉన్నాది."

"బాగుంటే అలా మొగం మాడ్సుకున్నావేటి పొద్దున్నించీ?"

"అరవై రెండంట."

అతను చెయ్యి వెనక్కి తీసుకుని లుంగీ మీద తుడుచుకున్నాడు. వీధిలో ఎవరో మేకల్ని తోలుకుపోతున్నారు. అవి మలుపు తిరిగేదాకా చూశాడు.

"అంటే గుండెలో మళ్ళీ వాపా?"

"అలగనే అన్నాది. శనివారం సూత్తారంట."

"మరింకేటి," అన్నాడు. "అది కాల్సిందేదో కాల్సేరు. మానకపోతే ఆలేటి సేత్తారు."

ఆ రాత్రీ, మర్నాడు ఆదివారమూ ఆమె అతన్ని పనికి పోనివ్వలేదు. బార్లీ కాచి ఇచ్చింది. వంకాయ, చింతపండు మాన్పించింది. ఉప్పు సగం చేసింది. పాదం మీద గుడ్డ విప్పి, అలవాటుగా, సున్నపు తేటా కొబ్బరినూనే రాసింది. వేళ్ళ మొదట్లో తోలు ఊడి, అంచుల దగ్గర పచ్చగా ఉంది. చిన్న వాసన. పది రోజుల కిందట పెనం వంచుతున్నప్పుడు ఎర్రయ్య ఒక్క క్షణం ఆలస్యం చేస్తే త్రినాధరావు కుర్చీలోంచి లేచి పెనాన్ని వంచే కొక్కెం అందుకున్నాడు. అంచు మీంచి పాకం తాడులా దిగి పాదం మీద పడింది. పాకం నీళ్ళలా జారిపోదు, పట్టుకుంటుంది. "ఎండిపోద్దిలే," అన్నాడతను అప్పుడు. ఆమె కూడా అదే అనుకుంది. ఇప్పుడు ఆమె మనసంతా పాదానికి మూడడుగుల పైన, చొక్కా గుండీల వెనక ఉంది.

*

సోమవారం పొద్దున్నే చీడికాడ వైపునుంచి వచ్చే బస్సెక్కి అనకాపల్లిలో దిగింది. రక్తం తీసే సెంటరు మెయిన్ రోడ్డులో మందుల షాపు పైన ఉంది. ఇరుకు మెట్లు. శుక్రవారం త్రినాధరావుకి రక్తం తీసిన శ్రీదేవి అప్పుడే బల్ల మీద గొట్టాలు పేర్చుకుంటోంది.

"అమ్మా, మొన్న మా ఆయన రక్తం ఇంకోలదాంతో మారిపోనాదేమో ఒకసారి సూత్తావా," అంది గంగాభవాని నిలబడే.

శ్రీదేవి కోపగించుకోలేదు. ఇలాంటి మాట రోజుకొకరు అంటారు కాబోలు. రిజిస్టరు తీసి, వేలు పెట్టి చూపించింది. "మీ ఆయన తరవాత గంటదాకా ఎవరూ రాలేదండీ. మారే పనే లేదు. ఎందుకూ, ఎక్కువొచ్చిందా?"

"అరవై రెండు. గుండెలో వాపంట."

"గుండెలోనే అని ఎవరన్నారు?"

"వైజాగు మేడం. జొరం నేదా, దగ్గు నేదా అని అన్నీ అడిగింది. ఏదీ నేదన్నాను. అయితే గుండేనన్నాది."

శ్రీదేవి కుర్చీ చూపించింది. "కూర్చోండి. సీఆర్పీ అనేది ఎక్కడ వాపుందో చెప్పదండీ. ఉందని చెప్తుంది, అంతే. పన్ను పుచ్చినా పెరుగుద్ది, కాల్లో చీము పట్టినా పెరుగుద్ది. మొన్న ఒకాయనకి నూటపది వచ్చింది. ఏంటా అని చూస్తే వీపు మీద సెగ్గడ్డ. అలాంటిది ఏమీ లేదా మీ ఆయనకి?"

గంగాభవాని చెయ్యి తన మోకాలి కింది నల్లటి మరక మీదికి పోయింది.

"కాలితే?" అంది.

"ఏం కాలితే?"

"పెనం దగ్గర కాల్తే. పాకం పడితే. అదీ లెక్కేనా?"

శ్రీదేవి చేతిలో గొట్టం బల్ల మీద పెట్టేసింది. "ఎప్పుడు కాలింది? మానిందా? చీముందా?"

"పచ్చగున్నాది. కొంచెం వాసన."

"అయ్యో, అది చెప్పరేమండీ వాళ్ళకి?"

"దెబ్బలున్నాయా అని అడిగిందమ్మా. కాలిందా అని అడగలేదు," అంది గంగాభవాని. తన మాట తనకే పిచ్చిగా వినిపించింది. అయినా ఆ నిమిషంలో ఆమెకి సిగ్గు వెయ్యలేదు. ఇరుకు మెట్లు గబగబా దిగింది. కింద మందుల షాపు ముందు నిలబడింది. గుండె కాదు, కాలు. ఇంత మాట. రోడ్డు మీద బెల్లం దిమ్మల లోడుతో లారీ పోతూ హారన్ కొడితే ఆ మోతకి కూడా నవ్వొచ్చింది. ఎన్నడూ కొనని బత్తాయిలు అరడజను కొంది.

మధ్యాహ్నానికల్లా అతన్ని ఆటోలో మండలం ఆసుపత్రికి తీసుకుపోయింది. నర్సు గుడ్డ విప్పి ముక్కు చిట్లించి, "సున్నం పూసి తీసుకొచ్చారా, గోడనుకున్నారేటి కాలు?" అంది. తోలు కత్తిరించి, కడిగి, మందు గుడ్డ వేసి కట్టింది. మాత్రలు ఇచ్చింది. రోజు విడిచి రోజు కట్టు మార్పించుకోమంది. గుండె మాత్రలు చూపిస్తే, రక్తం పలచనయ్యే బిళ్ళ ఒకటి ఉందని గమనించి, లోపలికెళ్ళి డాక్టరుని అడిగొచ్చి మరీ ఇచ్చింది. త్రినాధరావు పళ్ళు బిగించి, గోడ మీది టీకాల బొమ్మల వైపు చూస్తూ కూర్చున్నాడు.

బయటికొచ్చి గంగాభవాని రాజశ్రీకి తనే ఫోను చేసింది. ఆ అమ్మాయికి తనంతట తను ఫోను చెయ్యడం అదే మొదటిసారి.

"కాలింది అమ్మా. కాలు మీద. పెనం దగ్గర."

"ఎన్ని రోజులైందండీ?"

"పన్నెండు రోజులు."

"నేను అడిగాను కదమ్మా శనివారం."

"దెబ్బన్నావమ్మా నువ్వు."

"అసలు ఆయన పొయ్యి దగ్గరికి ఎందుకు వెళ్ళారు? మూడు నెలలు వద్దన్నారు కదా."

"కుర్చీలో కూకున్నాడమ్మా. కూకునే ఉన్నాడు."

రాజశ్రీ ఊపిరి వదిలిన చప్పుడు వినిపించింది. "సరే. ఇది మంచి విషయమే ఒకరకంగా. పుండు వల్ల పెరిగుంటే గుండెకి సంబంధం లేనట్టే అవ్వొచ్చు. ఆ అరవై రెండు పక్కన పెడతాం. శనివారం మళ్ళీ చూద్దాం. తగ్గితే ఇంక బెంగ లేదు."

ఇంక బెంగ లేదు. ఆ మాటని గంగాభవాని ఆటోలో భర్తకి రెండుసార్లు చెప్పింది. రెండోసారి అతను కూడా కొంచెం నవ్వాడు. "నా కాలు ఎంత పని సేసింది సూడు," అన్నాడు.

*

గురువారం నాటికి పుండు రంగు మారింది. పచ్చదనం పోయి, అంచుల చుట్టూ లేత గులాబీ చర్మం కనిపించింది. నర్సు కూడా, "ఊఁ, ఇప్పుడు మనిషి కాలులా ఉంది," అంది. ఇంటికొచ్చాక త్రినాధరావు అరుగు మీద కూర్చుండిపోయాడు. గంగాభవాని లోపల చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ మాట్లాడుతూనే ఉంది. ఆదివారం చివరి పెనం అని నానాజీ కబురు పంపాడనీ, ఎర్రయ్య మళ్ళీ జావ చేస్తే పరువు పోతుందని బతిమాలుతున్నాడనీ, రిపోర్టు బాగుంటే ఒక్క పూట వెళ్తే వెళ్ళొచ్చు గానీ కొక్కెం మాత్రం ముట్టుకోనని ఒట్టెయ్యాలనీ. అతను ఊఁ కొట్టలేదు. తొంగిచూస్తే, అరచెయ్యి రొమ్ము మీద ఆనించుకుని, వీధి చివర దేన్నో వింటున్నట్టు తల ఓరగా పెట్టుకుని ఉన్నాడు.

"ఏటి మావా?"

"ఏటీ నేదు. ఎండ."

సాయంత్రం అలారం మోగింది. ఆమె తడిచేతులు తుడుచుకుంటూ వచ్చి పక్కన కూర్చుంది. అతను చెయ్యి లుంగీ మడతలోకి తీసుకున్నాడు.

"ఒగ్గేయ్ గంగా ఇయ్యాళ. రోజూ పోలీసోడిలా పట్టుకుంటావు. శనివారం పెద్ద మిషన్లే సూత్తాయి గదా."

"రాజశ్రీ మేడం మానొద్దన్నాది."

"ఆ మేడానికి నేను సెప్తాన్లే."

ఆమె నవ్వి ఊరుకుంది. నాలుగు రోజులుగా ఆమెకి కూడా ఆ మణికట్టు కన్నా పాదం మీదే ఎక్కువ శ్రద్ధ. శుక్రవారం అలారం మోగినప్పుడు అతను దొడ్లో స్నానం చేస్తున్నాడు. నీళ్ళ చప్పుడు చాలాసేపు వినిపించింది. ఆమె అలారం ఆపేసి, మర్నాడు కట్టుకెళ్ళాల్సిన చీర వెతుక్కుంది.

*

ఆసుపత్రిలో ముందు రక్తం తీశారు. తర్వాత కాలు చూశారు. ఈసీజీ గది ముందు వరస చాలా పొడుగ్గా ఉంది. వరసలో ఉండగానే రాజశ్రీ మెళ్ళో గుర్తింపు కార్డు ఊపుకుంటూ వచ్చింది. సన్నటి పిల్ల, కళ్ళజోడు. వచ్చీరాగానే గంగాభవాని భుజం మీద చెయ్యి వేసింది.

"నాలుగున్నర," అంది. "సీఆర్పీ నాలుగున్నర. చూశారా, పుండే."

గంగాభవాని రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టబోతే రాజశ్రీ ఆపింది. పక్కన కూర్చున్న ఎలమంచిలి ముసలమ్మ ఎవరో, "ఏటి తల్లీ, మంచి కబురా?" అంటే, "తగ్గిపోనాది అమ్మా, పూర్తిగా తగ్గిపోనాది," అంది గంగాభవాని. బ్యాగులోంచి బత్తాయి తీసి ఆమెకి ఇచ్చింది. త్రినాధరావు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నేల కేసి చూస్తున్నాడు. పేరు పిలిస్తే లేచి, కట్టు కట్టిన కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్ళాడు. వెళ్ళేముందు ఒకసారి ఆగి భార్య కేసి చూశాడు, ఏదో మర్చిపోయినవాడిలా.

డాక్టరు నెమ్మదిగా మాట్లాడే మనిషి. గులాబీ గళ్ళ కాగితం బల్ల మీద పరిచి, పెన్ను వెనక కొసతో గీతల వెంట జరిపాడు. ఆ కాగితాలు గంగాభవాని చాలా చూసింది. గీత గీతకీ మధ్య ఎడం సమానంగా ఉండాలని ఆమెకి తెలుసు. పెన్ను ఒకచోట రెండు గళ్ళు దాటింది, ఇంకోచోట అయిదు, తర్వాత ఒకటిన్నర. డాక్టరు నోరు తెరవకముందే ఆమె చూసేసింది.

"త్రినాధరావు గారూ, ఈ దడ ఎప్పటినుంచి ఉంది?"

"గురువారం నుంచండి."

"గురువారం ఎప్పుడు?"

"కట్టు మార్పించుకొచ్చి అరుగు మీద కూకున్నాను. అప్పుడు మొదలయ్యిందండి. మళ్ళీ ఆగలేదు."

గంగాభవాని భర్త వైపు తిరిగింది. అతను తిరగలేదు.

"నంబరు తగ్గింది కదండీ," అంది డాక్టరుతో. "నాలుగున్నర."

"తగ్గిందమ్మా. అది పుండు తగ్గిన లెక్క. లయ వేరు." డాక్టరు కళ్ళజోడు తీశాడు. "మూడు నెలల లోపల తప్పితే గుండెలో కాల్చిన గాయం మానుతోందిలే అని ఆగుతాం. ఆ గడువు దాటింది. అంటే చేసింది పూర్తిగా పట్టలేదని అర్థం. మందు మారుస్తాను. రెండోసారి చెయ్యాలా వద్దా అన్నది నెలపోయాక చూద్దాం."

"ఆ పుండు వల్లే తప్పిందాండీ? నేను ముందే చెప్పుంటే..."

డాక్టరు గళ్ళ కాగితాన్ని మడిచాడు. బయట ఎవరినో పేరు పెట్టి పిలుస్తున్నారు.

"చెప్పలేనమ్మా," అన్నాడు. "అయ్యుండొచ్చు. కాకపోయుండొచ్చు. ఒంట్లో వాపు పెరిగినప్పుడు తప్పేవాళ్ళున్నారు. ఏమీ లేకుండా తప్పేవాళ్ళూ ఉన్నారు. అది తెలుసుకోడానికే ఈ పరిశోధన."

బయట వరండాలో రాజశ్రీ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుంది. ఇందాకటి ఉత్సాహం ఆ పిల్ల మొహంలో లేదు.

"మా పరిశోధనలో మీ ఆయన భాగం ఇక్కడితో అయిపోయిందండీ. లయ మళ్ళీ తప్పితే ఆ మనిషికి మా వైపు నుంచి అక్కడితో ఆపేస్తాం. ఇకమీద మామూలు ఓపీలోనే చూపించుకోవాలి."

"మరి నువ్వు ఫోను?"

"నేను చెయ్యనండీ ఇంక. అంటే, నాకు చెయ్యడానికి ఉండదు." ఆ పిల్ల కళ్ళజోడు సర్దుకుంది. "మీ దగ్గర నా నంబర్ ఉంటుంది కదా."

గంగాభవాని కాగితం వైపు చూసింది. తెలుగులో లేదు గానీ అంకెలు తెలుస్తున్నాయి. ముప్పై ఒకటి, తొమ్మిది, మూడు, నాలుగున్నర.

"అరవై రెండు ఏదమ్మా?"

"అది తీసేశాం కదండీ. కాలిన గాయం ఉన్నప్పటిది లెక్కలోకి రాదు. అక్కడ ఖాళీ వదిలేస్తాం."

ఒక గడిలో చిన్న అడ్డగీత ఉంది. కాగితం ప్రకారం త్రినాధరావు ఒంట్లో వాపన్నదే లేదు. పాదం మీద పాకం పడలేదు. అతన్ని ఎవరూ కుర్చీ వేసి కూర్చోబెట్టలేదు. ఆమెని ఎవరూ ఏమీ అడగలేదు, ఆమె లేవు అనలేదు. అన్నీ బాగుండి, ఊరికే, తప్పింది.

బస్సులో కిటికీ పక్కన అతన్ని కూర్చోబెట్టింది. లంకెలపాలెం దాటాక అడిగింది.

"ఎందుకు సెప్పలేదు?"

"నువ్వు చిక్కుడుకాయలు ఒలుస్తన్నావు," అన్నాడు. కిటికీ బయటికి చూస్తూ, "సంబరంగా ఉన్నావు," అన్నాడు.

*

ఆదివారం గానుగ షెడ్డులో చివరి పెనం. ఆమె వద్దంటే వద్దంది. అతను చొక్కా వేసుకుని బయల్దేరాడు. "ఇయ్యాళ ఎల్లకపోతే, అయిపోనాడు ఈడు అనుకుంటారు. వచ్చే ఏడు కుర్చీ కూడా ఎయ్యరు," అన్నాడు. ఆమె వెనకే నడిచింది.

నానాజీ గుమ్మంలోనే ఎదురొచ్చాడు. "ఏటి బావా, ఎంతొచ్చింది?"

గంగాభవాని, "నంబరైతే తగ్గింది గానీ అన్నియ్యా..." అని మొదలుపెట్టింది.

"తగ్గింది బావా," అన్నాడు త్రినాధరావు, ఆమె మాట మీదే. "నాలుగున్నర. అయిదు లోపల ఉంటే సాలంట."

"అద్గదీ," అన్నాడు నానాజీ. "ఇంక నీకు కుర్చీ ఎందుకు? ఒరే ఎర్రయ్యా, గరిట ఇచ్చీ. పెద్దమనిషొచ్చేడు."

"ఇచ్చేత్తాను, నాకేటి," అన్నాడు ఎర్రయ్య. "మూడు నెలల్నించి నడుం పట్టేసింది నాకు." అంటూనే నీలం కుర్చీని కాలితో పక్కకి నెట్టేశాడు. ఆ మాటలో ఎకసెక్కెం లేదు. నిజంగానే సంతోషించాడు. షెడ్డులో అందరూ సంతోషించారు.

గంగాభవాని పొయ్యి ముందు కూర్చుంది. పిప్పి పరిచింది, నెట్టింది. పైన చప్పుడు పలచగా మొదలై, నురుగై, చిక్కబడి, బుడగలు లావెక్కి, ఒక్కొక్కటే పగలడం వినిపించింది. అతని కాళ్ళు మాత్రం ఆమెకి కనిపిస్తున్నాయి. ఒకటి నల్లగా, ఒకటి తెల్లటి కట్టుతో. ఉండి ఉండి ఆ కాళ్ళు కదలకుండా ఆగిపోతున్నాయి. ఊపిరి అందుకోడానికని ఆమెకి తెలుసు. పాకం చూస్తున్నాడని మిగతావాళ్ళు అనుకుంటున్నారు.

"మంట తగ్గించు," అన్నాడు.

ఆమె కర్రతో పిప్పి వెనక్కి లాగి లేచి నిలబడింది. అతను వేళ్ళు చెంబులో ముంచి, పాకంలో ముంచి, మళ్ళీ చెంబులో ముంచాడు. రెండు వేళ్ళ మధ్య ఉండ కట్టాడు. చెమట కారుతున్న మొహంతో దాన్ని పళ్ళెం మీద వేస్తే టంగుమంది. పాకం కుదిరిందన్నట్టు ఎర్రయ్య తల పంకించాడు. మూడు నెలలుగా ఆ షెడ్డులో ఆ చప్పుడు అంత స్పష్టంగా ఎవరూ వినలేదు.

ఉండ తీసి భార్యకి అందించాడు, ఎప్పుడూ అందించినట్టే. ఆమె ఉండ తీసుకోలేదు. చెయ్యి చాచి మణికట్టు పట్టుకుంది. ఆమె బొబ్బలెక్కిన రెండు వేళ్ళు వాటంతటవే ఆ చోటు వెతుక్కున్నాయి. మూడు పరిగెత్తాయి. ఒకటి ఆగింది. చాలాసేపు ఆగింది. మళ్ళీ రెండు.

అతను లాక్కోలేదు. అందరి ముందూ అలాగే నిలబడ్డాడు.

"గంగా," అన్నాడు నానాజీ వెనక నుంచి, "పెనం దించాల, జరుగమ్మా."

ఆమె చెయ్యి వదిలేసింది. త్రినాధరావు కొక్కెం అందుకున్నాడు.